‘నవలా’ విశేషణమేనా? పుస్తకాల మాటలకు వి., విణ. గుర్తులు పెట్టడం

కాటలాగుబల్ల:
గ్రంథాలయ జాబితా కోసం కథ, నవల, పుస్తకాలకు సంబంధించిన మాటలు 300 దాకా ఒకచోట చేర్చాం. ప్రతి మాట పక్కనా నామవాచకమో (వి.) విశేషణమో (విణ.) గుర్తు పెట్టాలి. శీర్షికగా నిలిచేది నామవాచకమే కావాలన్నది నియమం. డ్యూయీ వర్గీకరణలో 894.8273 సంఖ్య కింద వచ్చే పుస్తకాలకు ‘తెలుగు నవలలు’ అని శీర్షిక పెట్టొచ్చు గానీ ‘కాల్పనిక’ అని రాసి వదిలేయలేం కదా.

పేచీ పెడుతున్నవి ఇవి: నవలా, కథా, సాహితీ, కాల్పనిక, కల్పిత, పౌరాణిక, జానపద, ధారావాహిక, కథానిక, నాటకీయ, నాటకపు, పుస్తకాల, రచిత, దళిత, చిన్న.

‘ఇంకో మాటకు ముందొస్తే విశేషణమే’ అని మాలో ఒక వాదన ఉంది. ఆ లెక్కన ‘పుస్తకాల బీరువా’లో పుస్తకాలు కూడా విశేషణం అయిపోతాయి. తేల్చే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

విగ్రహవాక్యం:
ముందొచ్చినదల్లా విశేషణం కాదండీ. ఆ స్థానంలో విశేషణమూ నిలబడుతుంది, నామవాచకమూ నిలబడుతుంది. తేల్చడానికి బడిలో చదివిన సమాసాల పాఠం చాలు. జంటను విడదీసి విగ్రహవాక్యం చెప్పి చూడండి. మధ్యలో విభక్తి (యొక్క, కొరకు, తో, లో) పడితే మొదటి మాట నామవాచకం. ‘అయిన’ పడితే విశేషణం.

నవలా రచయిత: నవలలను రాసే రచయిత, లేదా నవలల యొక్క రచయిత. ఎలా విప్పినా విభక్తే వస్తోంది. ‘నవల అయిన రచయిత’ అంటే మనిషే నవలగా మారిపోయాడని అర్థం. కనుక నామవాచకం.
కథావస్తువు: కథ యొక్క వస్తువు. నామవాచకం.
బాలసాహిత్యం: బాలల కొరకు సాహిత్యం. నామవాచకం.
పద్యనాటకం: పద్యాలతో కూడిన నాటకం. నామవాచకం.
పౌరాణిక నాటకం: పౌరాణికమైన నాటకం. విశేషణం.
ముద్రిత ప్రతి: ముద్రితమైన ప్రతి. విశేషణం.

‘అనే’ పడే రకం ఇంకొకటి ఉంది. నవలా ప్రక్రియ అంటే నవల అనే ప్రక్రియ. దీనికి సంభావనా పూర్వపద కర్మధారయం అని పేరు. కర్మధారయం అన్న మాట వినగానే విశేషణం అని గుర్తు వేసేస్తారు కొందరు. ఇక్కడ మొదటిది ఒక ప్రక్రియ పేరు. నామవాచకమే.

పుస్తకాల బీరువాలో ‘ల’ షష్ఠీ విభక్తి రూపం. దాన్ని విడిగా జాబితాలోకి ఎక్కించనే వద్దు. ‘పుస్తకం’ ఉంటే చాలు.

సర్కారుబడి సార్:
పద్ధతి మంచిదే గని, కొత్తగ పనిచేసేటోళ్లకు ‘యొక్క’ పెట్టి చూడుమంటే అన్నిటికీ పెడ్తరు. ‘చారిత్రక యొక్క నవల’ అని రాసినా వాళ్లకు తప్పు కనబడది. అందుకే దానికంటే ముందు ఇంకో పరీక్ష పెట్టాలె. మాటను ఒంటరిగ నిలబెట్టి ‘లు’ చేర్చాలె, ఆ తర్వాత ‘లో’ చేర్చాలె.

నవలలు, నవలలో: నిలబడ్డది.
కథానికలు, కథానికలో: నిలబడ్డది.
చారిత్రకలు, చారిత్రకలో: పడిపోయింది.
నాటకీయలు, నాటకీయలో: పడిపోయింది.

పడిపోయినదాన్ని మాత్రమే ‘అయిన’ పరీక్షకు తీస్కపోవాలె. రెండు జల్లెడలు వరుసగ పెడితే పొరపాట్లు చాన తగ్గుతయ్. ఈ పరీక్షకు నవలా, కథా అని దీర్ఘంతోటి తీసుకోవద్దు. దీర్ఘం తీసేసి నవల, కథ అని నిలబెట్టాలె.

అచ్చుదిద్దు:
దీర్ఘం సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. నవలా, కథా, కవితా, రచనా... చివరి ‘ఆ’ విశేషణానికి గుర్తని చాలామంది అనుకుంటారు. కాదు.

కథ సంస్కృతంలో కథా, ఆకారాంత స్త్రీలింగం. తెలుగులో ఒంటరిగా వాడినప్పుడు చివరి దీర్ఘం హ్రస్వమైంది. సమాసంలోకి వెళ్లగానే పాత దీర్ఘం తిరిగొస్తుంది. కథా సంపుటి, కవితా సంకలనం, పత్రికా రచన, సమీక్షా వ్యాసం, రచనా శైలి అన్నీ ఇదే దారి. సాహితీ సంస్థలో ‘తీ’ కూడా ఇంతే. సాహితి ఈకారాంత స్త్రీలింగ నామం. దాన్ని విశేషణం గడిలో వేస్తే తప్పు.

స్త్రీలింగం కాని మాటలకు దీర్ఘం రాదు. గ్రంథ పరిచయం, పుస్తక ప్రదర్శన, అనువాద నవల. వీటికి ఎవరూ దీర్ఘం పెట్టరు. విమర్శ, చరిత్ర దగ్గర మాత్రం చెయ్యి జారుతుంది. విమర్శ పుంలింగం, చరిత్ర నపుంసకం. విమర్శ గ్రంథం, చరిత్ర రచన అని హ్రస్వంతోనే రాయాలి. అంటే ఆ దీర్ఘం మాట లింగాన్ని చెబుతోంది. భాషాభాగం గురించి దానికేమీ తెలియదు.

నవల కథ వేరు. అది ఇంగ్లిషు మాట నుంచి వచ్చింది. 1878 నాటి రాజశేఖర చరిత్రమును వీరేశలింగం వచన ప్రబంధం అన్నారు. దాన్ని నవల అని పిలిచింది కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి. నవ అంటే కొత్త కాబట్టి, కొత్త విశేషాలను గ్రహించేది నవల అని సంస్కృత వ్యుత్పత్తి కూడా అల్లారు. ఆ వ్యుత్పత్తిలో అది స్త్రీలింగం. అందుకే కథా రచయిత పక్కన నవలా రచయిత కూడా దీర్ఘం తొడుక్కుని నిలబడ్డాడు. పరాయి మాటకు అంత మర్యాద జరగడం అరుదు. ‘సినిమా’కు ఆ అవసరమే రాలేదు, దీర్ఘంతోనే పుట్టింది.

పాతసంచిక:
సగం పేచీ నిఘంటువు తీరుస్తుంది, దాన్ని చదవడం తెలిస్తే. శబ్దరత్నాకరంలో (1885), సూర్యరాయాంధ్ర నిఘంటువులో మాట పక్కన పొట్టి గుర్తులుంటాయి. ‘వి.’ అంటే విశేష్యం, మనం నామవాచకం అంటున్నది. ‘విణ.’ అంటే విశేషణం. మధ్యలో ఒక్క ‘ణ’ తేడా. చిన్న అచ్చులో కన్ను దాటేస్తుంది.

సంస్కృత పదమైతే గుర్తు పక్కన లింగం కూడా ఉంటుంది. ఆ. స్త్రీ. అంటే ఆకారాంత స్త్రీలింగం. అ. పుం. అంటే అకారాంత పుంలింగం. అ. న. అంటే అకారాంత నపుంసకం. అచ్చుదిద్దు గారు చెప్పిన దీర్ఘం ఎక్కడ పెట్టాలో ఈ గుర్తే చెబుతుంది. విశేషణానికి మాత్రం (అ. ఆ. అ.) అని మూడు లింగాలూ వరుసగా వేస్తారు. నామవాచకానికి సొంత లింగం ఒకటుంటుంది. విశేషణం ఏ పేరు పక్కన చేరితే ఆ పేరు లింగమే దానిది. ఆంధ్రభారతి వెబ్‌సైటు నిఘంటు శోధనలో వెతికినా ఈ గుర్తులు కనిపిస్తాయి.

ఒక జాగ్రత్త. ఈ నిఘంటువుల్లో సంస్కృత విశేషణాలు కూడా ‘ము’తోనే ఉంటాయి. కల్పితము, ముద్రితము అని కనబడుతుంది, పక్కన విణ. అని ఉంటుంది. ‘ము’ ఉంది కనుక నామవాచకం అని గుర్తు వేసుకుంటూ పోతే జాబితా మొత్తం మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

డాలస్ బాలబడి:
ఇక్కడి పిల్లలకు ఇంగ్లిషులో ‘వెరీ’ పెట్టి చూడమని నేర్పుతారు. అది కుదిరితే విశేషణం. తెలుగులో ‘చాలా’తో అలా చేయొచ్చా?

విగ్రహవాక్యం:
చేస్తే రెండు వైపులా మోసపోతారండీ.

‘చాలా నవలలు’ కుదురుతుంది. కానీ నవలలు విశేషణం కాదు. ఇక్కడ చాలా అంటే సంఖ్య ఎక్కువ అని. ‘చాలా చారిత్రక నవల’ అంటే చెవికి అడ్డం తగులుతుంది. అయినా చారిత్రక విశేషణమే.

విశేషణాల్లో రెండు జాతులున్నాయి. గుణం చెప్పేవి: నాటకీయ, ఆసక్తికర, పెద్ద, పాత. వీటికి ఎక్కువ తక్కువలుంటాయి, చాలా పడుతుంది. చాలా నాటకీయమైన మలుపు, చాలా పాత ప్రతి. రెండో జాతి తరగతి చెప్పేవి: చారిత్రక, పౌరాణిక, ముద్రిత, అముద్రిత. ప్రతి ముద్రితమో కాదో అంతే. కాస్త ముద్రితం, బాగా ముద్రితం అని ఉండదు. పుస్తకాల జాబితాలో మీకు తగిలేవాటిలో ఎక్కువ ఈ రెండో జాతివే. అందుకే ‘చాలా’ పరీక్ష ఇక్కడ పనికిరాదు.

టోకెను:
‘అయిన’ పరీక్షలోనూ ఒక గొయ్యి ఉంది. ‘సినిమా అయిన నవల’, ‘పుస్తకమైన ఉపన్యాసాలు’. అయిన పడింది, వాక్యం బాగానే ఉంది. సినిమా, పుస్తకం విశేషణాలా? కావు. ఇక్కడి ‘అయిన’ అవు ధాతువు నుంచి వచ్చిన నిజమైన క్రియ. నవల సినిమాగా మారింది, ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. ‘నాటకీయమైన సన్నివేశం’లో సన్నివేశం దేనిగానూ మారలేదు.

వేరు చేయడానికి ‘అయిన’ తీసేసి ‘గా మారిన’ పెట్టండి. సినిమాగా మారిన నవల: అర్థం చెడలేదు, కనుక క్రియ. నాటకీయంగా మారిన సన్నివేశం: అర్థం మారిపోయింది, ముందు అలా లేదు ఇప్పుడైంది అన్నట్టు. కనుక అక్కడ అయిన కేవలం విశేషణం చేసే ముక్క.

కంప్యూటరుకు భాషాభాగాలు గుర్తుపట్టడం నేర్పే పనిలో దీనికంటే పెద్ద తలనొప్పి ఇంకొకటి. విశేషణానికి జేజే, నామవాచకానికి ఎన్‌ఎన్ అని గుర్తులు వేస్తారు. (జేజే అంటే పసిపిల్లలు దేవుడికి పెట్టే దండం గుర్తొస్తుంది, పని మొదట్లో అందరూ నవ్వుకునేదే.) ‘సాహిత్య చరిత్ర’లో సాహిత్యకు చివర ‘ం’ లేదు, విభక్తి లేదు. బోడిగా నిలబడిన మాట కాబట్టి జేజే అని వేసేస్తారు. అది సాహిత్యం యొక్క చరిత్ర, ఎన్‌ఎన్ వేయాలి. తత్సమ నామం సమాసంలో ముందుంటే ‘ము’ రాలిపోతుంది, అంతే. బోడితనం రెంటికీ ఉంటుంది కాబట్టి రూపం చూసి తీర్పు చెప్పకూడదు.

కలిపి రాయడం, విడదీసి రాయడం కూడా ముందే తేల్చుకోండి. కథావస్తువు అని కలిపితే ఒకే మాట, ఒకే నామవాచకం, పేచీ లేదు. కథా వస్తువు అని ఖాళీ వదిలితే ‘కథా’ అన్న ముక్కకు ఏదో ఒక గుర్తు వేయక తప్పదు. సగం చోట్ల ఇలా, సగం చోట్ల అలా ఉంటే వెతుకులాటలో ఒకే అంశం రెండు ముక్కలవుతుంది.

కాటలాగుబల్ల:
విడదీసే రాస్తున్నాం, అన్నిచోట్లా. అయితే ‘ఇక’తో ముగిసే మాటలు 20కి పైగా ఉన్నాయి. వాటిని ఒక్క దెబ్బకు విణ. అనేయొచ్చా?

పాతసంచిక:
అనేస్తే పత్రిక కూడా విశేషణం అయిపోతుంది. -ఇకలో రెండు కుటుంబాలున్నాయి.

మొదటి కుటుంబంలో ప్రత్యయం చేరగానే మూలపదం మొదటి అచ్చు పెరుగుతుంది. దీన్ని వృద్ధి అంటారు. అ పెరిగి ఆ అవుతుంది: కల్పన నుంచి కాల్పనిక, సమాజం నుంచి సామాజిక. ఇ పెరిగి ఐ: ఇతిహాసం నుంచి ఐతిహాసిక, విజ్ఞానం నుంచి వైజ్ఞానిక. ఉ పెరిగి ఔ: పురాణం నుంచి పౌరాణిక. ఇవన్నీ విశేషణాలు. ‘వైజ్ఞానిక కల్పన’ అన్న జంటలో మొదటిది విశేషణం, రెండోది నామవాచకం. చివరున్న మాటే పెద్దదిక్కు కాబట్టి మొత్తం జంట శీర్షికగా చెల్లుతుంది.

రెండో కుటుంబంలో మొదటి అచ్చు కదలదు. కథ నుంచి కథానిక, నవల నుంచి నవలిక. పీఠిక, సంచిక, సూచిక, పత్రిక, గల్పిక కూడా ఇటువైపే. ఇవి నామవాచకాలు. వీటిలో కొన్నింటికి ‘చిన్నది’ అన్న అర్థం ఉంటుంది. నవలిక చిన్న నవల, నాటిక చిన్న నాటకం.

మొదటి అచ్చు పుట్టుకతోనే దీర్ఘమైతే ఈ కొలత పనిచేయదు. నాటకం, నాటిక. రెంటిలోనూ ‘నా’నే. అప్పుడు సర్కారుబడి సార్ గారి జల్లెడకు వెళ్లండి: నాటికలు, నాటికలో. నిలబడింది, నామవాచకం.

ధారావాహిక ఇటూ అటూ కూర్చుంటుంది. ‘ధారావాహిక నవల’లో విశేషణం. ఆ తర్వాత నవల అన్న మాట ఊడిపోయి, వారపత్రికల్లో ‘ధారావాహికలు’, ‘ధారావాహికగా వచ్చింది’ అని ఒంటరిగా బతకడం మొదలెట్టింది. రెండు వరుసల్లోనూ వేయండి.

అచ్చుదిద్దు:
అదే చోట ‘చారిత్రక’ గురించి. సూత్రం ప్రకారం చారిత్రిక రావాలి, వాడుకలో చారిత్రక స్థిరపడింది. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడండి. ‘చారిత్రాత్మక’ మాత్రం వద్దు. చరిత్రకు ఆత్మక చేరిస్తే చరిత్రాత్మక. మొదటి అచ్చు పెంచే పని -ఇకది, ఆత్మకది కాదు. అచ్చు పెంచి, ఆపైన ఆత్మక కూడా తగిలిస్తే చొక్కా మీద చొక్కా వేసినట్టు.

అర్థాలు కూడా వేరు. చారిత్రక నవల అంటే చరిత్ర ఇతివృత్తంగా ఉన్న నవల. చరిత్రాత్మక నవల అంటే తానే చరిత్ర సృష్టించిన నవల. వీటిని తారుమారు చేస్తే నిన్నగాక మొన్న అచ్చయిన కాకతీయుల కాలపు నవల సాహిత్య చరిత్రనే మలుపు తిప్పినట్టు జాబితాలో కూర్చుంటుంది.

ఇలాంటిదే హాస్య కథ. హాస్యం నామవాచకం, విశేషణం చేద్దామని ‘హాస్యాస్పదమైన కథ’ అని రాస్తే కథ నవ్వులపాలైందని అర్థం. ప్రతి నామవాచకానికీ విశేషణ రూపం వెతికి పెట్టనక్కర్లేదు. నామవాచకం ముందు నిలబడి అదే పని చేసేస్తుంది.

సర్కారుబడి సార్:
ఒకే మాట ఎన్ని వేషాలేస్తదో చూడాలంటే నాటకం తీసుకోండి.

నాటక ప్రదర్శన: తర్వాత సంస్కృత పదం, ‘ము’ రాలింది. నామవాచకం.
నాటకపు మాటలు: తర్వాత తెలుగు మాట, ‘ము’ పోయి ‘పు’ వచ్చింది.
నాటకాల పిచ్చి: బహువచనం, షష్ఠి. నామవాచకం.
నాటకీయ మలుపు: -ఈయ ప్రత్యయం. విశేషణం.
నాటకీయత: విశేషణం మీద -త చేరి మళ్ల నామవాచకం.

ఇందుల ‘పు’ ఉన్నదాని మీదనే కొట్లాట. బాలవ్యాకరణం కర్మధారయంల ‘ము’కు పు, ంపు వస్తయని చెప్పింది. సరసపు మాట, సరసంపు మాట. ఆ లెక్కన నాటకపు విశేషణమే. మరి ‘నాటకపు తెర’ అంటే నాటకం యొక్క తెర గద? విప్పితే విభక్తి పడ్తున్నది.

విగ్రహవాక్యం:
సార్ చెప్పింది నిజమే. ‘పు’ రెండు పనులూ చేస్తుంది. నాటకపు మాటలు అంటే నటన నిండిన మాటలు, అది గుణం. నాటకపు తెర అంటే సంబంధం. గుర్తును రూపానికి కాక వాడుకకు వేయాలి. జాబితాకైతే ఇంత లోతు అక్కర్లేదు. -పు రూపాలను తీసేసి ‘నాటకం’ ఒక్కటే ఉంచండి.

టోకెను:
తీసేయడం జాబితాకు సరే. వాక్యాలకు గుర్తులు వేసేవాళ్లు మాత్రం తీసేయలేరు. గుణమా సంబంధమా అని ప్రతి వాక్యం దగ్గరా ఆగితే ఇద్దరు మనుషులు రెండు రకాలుగా వేస్తారు. అందుకే -పు కనిపిస్తే నామవాచకమే అని ఒకే మాట మీద ఉండటం మేలు. వ్యాకరణం ఒప్పుకోకపోవచ్చు, పని మాత్రం ఒక తీరున నడుస్తుంది.

విగ్రహవాక్యం:
పని తీరు కోసం అంటే కాదనను. ఆ నియమం ముందుమాటలో రాసి పెట్టండి. లేకపోతే రేపు చూసేవాళ్లు ‘సరసపు’ నామవాచకం అని నేర్చుకుంటారు.

అచ్చుదిద్దు:
-ఇతతో ముగిసేవి మిగిలాయి. ముద్రిత, లిఖిత, ప్రచురిత, కల్పిత, సంకలిత: పని జరిగిపోయిందని చెప్పే విశేషణాలు. ముద్రించబడినది ముద్రితం, కల్పించబడినది కల్పితం. వాటి మధ్య కవిత, రచయిత దూరిపోతాయి. కవిత స్త్రీలింగ నామం. రచయిత అంటే రచించేవాడు, కర్తను చెప్పే నామం.

రచిత, రచయిత పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో ఒక్క ‘య’. ‘పోతన విరచిత భాగవతం’ అంటే పోతన చేత రచించబడిన భాగవతం. విరచిత విశేషణం. ‘రచయిత పరిచయం’ అంటే రచయిత యొక్క పరిచయం, నామవాచకం. టైపు చేసేటప్పుడు ‘య’ ఊడితే అక్షరదోషం పట్టే సాఫ్ట్‌వేరుకు కనపడదు, రెండూ నిజమైన మాటలే కాబట్టి. ‘రచిత పరిచయం’ అని వచ్చిందంటే అర్థం చదివి పట్టుకోవాల్సిందే.

పుస్తకం మొదటి పేజీల్లో ‘పాత్రలన్నీ కల్పితం’ అని ఉంటుంది. ఇక్కడ కల్పితం చివర ‘ం’ చూసి నామవాచకం అనకండి. పాత్రలను గురించి చెబుతూ వాక్యం చివరికి జరిగిన విశేషణం అది. పాత్రలు బహువచనం కనుక ‘కల్పితాలు’ అని రాసేవాళ్లూ ఉన్నారు, నాకు అదే నచ్చుతుంది.

కాటలాగుబల్ల:
మరి పౌరాణికం, జానపదం? వీటికీ చివర ‘ం’ ఉంది.

పాతసంచిక:
ఇవి దాటేశాయి. సినిమా వాడుకలో పౌరాణికం, జానపదం, సాంఘికం పూర్తి నామవాచకాలు. మాయాబజార్ (1957) పౌరాణికం, పాతాళభైరవి (1951) జానపదం. ‘జానపదాలలో కత్తియుద్ధాలు’, ‘పౌరాణికాలకు రాసిన మాటలు’ అంటారు. బహువచనం, విభక్తి రెండూ పడుతున్నాయి. కల్పితానికి ఇంత బలం రాలేదు. ‘కల్పితాలలో’ అని ఎవరూ అనరు.

కాబట్టి పౌరాణిక విణ., పౌరాణికం వి. రెండు వరుసలు. జానపద కూడా అంతే. మనుషులను చెప్పే పౌరాణికుడు, జానపదులు మూడో వరుస, అవీ వి.

డాలస్ బాలబడి:
దళిత కవిత్వం? దళిత కూడా -ఇత కదా, విశేషణమేనా?

విగ్రహవాక్యం:
పుట్టుక విశేషణమే, దళితం చేయబడిన అని. కానీ ఈ జంటను ఇప్పుడు విప్పి చూడండి. ‘దళితమైన కవిత్వం’ అంటే అణచివేతకు గురైంది కవిత్వమే అవుతుంది. మన ఉద్దేశం దళితుల కవిత్వం. విభక్తి పడింది, నామవాచకం. స్త్రీవాద కథ, విప్లవ కవిత్వం, అభ్యుదయ సాహిత్యంలో ఈ తికమక లేదు. స్త్రీవాదం, విప్లవం, అభ్యుదయం మొదటినుంచీ నామవాచకాలే. వీటన్నిటినీ ‘సాహిత్య ధోరణి తెలిపే విశేషణాలు’ అని ఒక కట్టలో కట్టేయడం పాఠ్యపుస్తకాల అలవాటు. అది అర్థాన్ని బట్టి చేసిన కట్ట, వ్యాకరణానికి చెల్లదు.

టోకెను:
‘తెలుగు నవల’లో తెలుగు?

విగ్రహవాక్యం:
తెలుగులో నవల. నామవాచకం. ‘తెలుగైన నవల’ అనం. ఆంగ్లం, ఆంగ్ల అని రూపంలో తేడా ఉంది కాబట్టి ఆంగ్ల విశేషణం అనిపిస్తుంది. అది ‘ం’ రాలిన నామవాచకమే, సాహిత్యం సాహిత్య అయినట్టు.

పాతసంచిక:
‘కాల్పనిక’కు విణ. వేసి చేతులు దులుపుకోకండి. దానికి రెండు అర్థాలున్నాయి. కాల్పనిక సాహిత్యం అంటే కథలు, నవలలు, అంటే కల్పించి రాసినవి. కాల్పనిక కవిత్వం, కాల్పనికోద్యమం అంటే భావకవిత్వం వైపు తిరిగిన వేరే సంగతి. ఊహకు, అనుభూతికి పట్టం కట్టిన ధోరణి అది. ఒకే విశేషణం, వెనకున్న నామవాచకాన్ని బట్టి అర్థం మారుతోంది. విశేషణాన్ని ఒంటరిగా శీర్షిక చేయకూడదన్న మీ నియమం ఇక్కడ అక్కరకొస్తుంది. ‘కాల్పనిక’ అని వెతికినవాడికి నవలలూ, ‘కృష్ణపక్షం’ లాంటి భావకవితా సంపుటాలూ కలిసి వస్తే ఏం చేసుకుంటాడు?

కల్పించి రాయనివాటికి ‘కాల్పనికేతర సాహిత్యం’ అంటున్నారు. కాల్పనిక, ఇతర కలిసి గుణసంధి. రెండు ముక్కలూ విశేషణాలే కాబట్టి చివర సాహిత్యం ఉండి తీరాలి. ‘కాల్పనికేతరం’ అని ఆపేయడం అక్కడక్కడా కనిపిస్తోంది, ఇంకా నిలదొక్కుకోలేదు.

కాటలాగుబల్ల:
మార్చిన వరుసలు ఇవి, చూసి తప్పుంటే చెప్పండి. నవల, కథ, సాహితి: దీర్ఘం తీసి, వి. కథానిక: వి. కాల్పనిక, కల్పిత, నాటకీయ, రచిత: విణ. పౌరాణిక, జానపద, ధారావాహిక: రెండేసి వరుసలు. దళిత: విణ. అని తీసేసి, ‘దళితులు’ వి. పుస్తకాల, నాటకపు: తీసేశాం. చిన్న: విణ.

చివరిదాని మీదే అనుమానం. ‘చిన్న కథ’ అంటే ఒక ప్రక్రియ పేరు కూడా కదా.

అచ్చుదిద్దు:
చిన్న అచ్చమైన తెలుగు విశేషణం. పెద్ద, పాత, కొత్త, మంచి లాంటిది. ‘అయిన’ కూడా అక్కర్లేకుండా నేరుగా నామవాచకాన్ని అంటుకుంటుంది. వాక్యం చివరికి వస్తే మాత్రం -ది కావాలి: ఈ కథ చిన్నది. మంచికి ఇంకో వేషం ఉంది, ‘మంచిని చెప్పే కథ’లో అది నామవాచకం. చిన్నకు ఆ వేషం లేదు.

ప్రక్రియ పేరుగా అయితే చిన్నకథ అని కలిపి రాయండి. అప్పుడు మొత్తం ఒకే నామవాచకం. పరీక్ష కావాలంటే ముందు ‘పెద్ద’ పెట్టి చూడండి. ‘కాస్త పెద్ద చిన్నకథ’ అంటే 20 పేజీల కథ, వాక్యం చెల్లుతుంది. విడదీసి ‘కాస్త పెద్ద చిన్న కథ’ అంటే చదివేవాడు ఏది పెద్ద, ఏది చిన్న అని ఆగిపోతాడు.

కాటలాగుబల్ల:
అయితే చిన్న: విణ. అలాగే ఉంది. చిన్నకథ: కలిపి, వి. కొత్త వరుస వేశాను. దాని పక్కన ‘కథానిక కూడా చూడండి’ అని.

సర్కారుబడి సార్:
‘చిన్నకథలు’ అని బహువచనంల పెట్టుండ్రి. నవలలు, నాటికలు అని మిగిలిన శీర్షికలన్నీ అట్లనే ఉన్నయ్ గద. కథానికను కూడ కథానికలు చేయాలె మరి.